చౌడమ్మ మిద్దె మీది మిషన్

"దిగప్పా కిందికి! దాని జోలికి పోయినావంటే మర్యాదగా ఉండదు!"

నిచ్చెన మధ్యలో వేలాడుతున్న కంకర క్రషర్ మేనేజరు పురుషోత్తమ్ కిందికి చూశాడు. చౌడమ్మ నిచ్చెన కాళ్ళు రెండూ పట్టుకుని నిలబడింది. పైకి చూశాడు. మిద్దె మూలన నీలం టార్పాలిన్ కప్పిన ఆకారం. అందులోంచి ఇనుప కడ్డీ ఒకటి బయటికి పొడుచుకొచ్చి ఉంది. లోపలినుంచి సన్నగా గుర్రుగుర్రుమని చప్పుడు.

పొద్దున్నే ఓనరు ఫోనులో పెట్టిన కేకలు ఇంకా చెవుల్లోనే ఉన్నాయి. "పక్క గుట్టకు పర్మిషన్ అడిగినాం కదా, దుమ్ము కొలిచేటోళ్ళు వస్తాండారంట. మనకు చెప్పరు. ఊర్లో ఎవరి మిద్దె మీదనో మిషన్ పెడతారు. దుమ్ము ఎక్కువ చూపిచ్చిందో, ఆ గుట్ట పోతాది. దాంతోపాటే నువ్వూ పోతావు!"

ఇంకేముంది, మిషన్ వచ్చేసింది. గాలి పీల్చే గొట్టంతో సహా వచ్చి కూర్చుంది.

అతను కిందికి దిగాడు. గొంతు అంతకంటే కిందికి దిగింది.

"ఒక్కసారి చూసి పోతానమ్మా, అంతే."

"చూసేదానికి ఏముండాది? కదిలిస్తే అంతా పాడైపోతాది."

"ముట్టుకోనులేమ్మా. నీకేం కావాలన్నా చేసిపెడతా. అది మాత్రం మా మీద చెడ్డగా చూపించకూడదు."

చౌడమ్మ అతని మొహంలోకి చూసింది. మిద్దె మీదికి చూసింది. మళ్ళీ అతని మొహంలోకి చూసింది. కొంగు నడుముకు దోపింది.

"అట్లయితే ముందు మీ బాంబులు ఆపు. గోడలు అదురుతాండాయి."

పురుషోత్తమ్ వెంటనే ఫోన్ తీశాడు. "ఒరేయ్, బ్లాస్టింగ్ ఆపండి. క్రషర్ కూడా ఆపేయండి. యాలంటావేంరా? నేను చెప్పినా కాబట్టి!"

గుట్ట మీద చప్పుడు ఆగిపోయింది. ఏం కొంప మునిగిందోనని వీధి కుక్కలు లేచి నిలబడ్డాయి.

"రోడ్డుకు నీళ్ళు కొట్టించు."

క్రషర్ డ్రైవరు చంద్రు నీళ్ళ ట్యాంకర్ తెచ్చి పాతపాళ్య రోడ్డు దాకా తడిపాడు.

"మా మల్బరీ తోట చూసినావా? ఆకు మీద వేలితో పేరు రాయొచ్చు. పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, పొర విడిచి ఆకలిమీద ఉండాయి. ఈ దుమ్మాకు తింటే గూడు కట్టకుండానే చస్తాయి. అప్పుడు శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్‌కు ఏం మోసుకుపోవాల, మీ కంకర్నా?"

"కడిగిస్తానమ్మా."

"కడిగితే చాలదప్పా. తడి ఆకు పెడితే పురుగుకు రోగమొస్తాది. ఆరాల."

పురుషోత్తమ్ ఆఫీసులోని టేబుల్ ఫ్యాన్ తెప్పించాడు. కోసిన ఆకు ముందర ఫ్యాన్ పెట్టుకుని, గంపెడు గంపెడూ తానే తిరగేస్తూ కూర్చున్నాడు. మధ్యమధ్యలో మిద్దె వైపు చూసి, కనిపించేలా ఇంకొంచెం వంగి తిరగేశాడు.

ఎదురింటామె వాకిలి ఊడవబోతే పరుగెత్తి చీపురు లాక్కున్నాడు. "వద్దమ్మా, దుమ్ము లేస్తాది!"

ఇంతలో మునియప్ప గొర్రెల్ని తోలుకొచ్చాడు. పురుషోత్తమ్ చేతులు చాచి అడ్డం నిలబడ్డాడు.

"మెల్లగా తోలప్పా. ఒకదాని వెనక ఒకటి పోవాల."

"గొర్రెలకు క్యూ నేర్పించాల్నా సామీ? నాకు చేతకాదు. నువ్వు చదువుకున్నోడివి, నువ్వే నేర్పించు."

నేర్పించాడు. గొర్రెలు వినలేదు. చివరికి ఎగిరెగిరి దూకుతున్న పిల్లను చంకన పెట్టుకుని ఊరు దాటించి వచ్చాడు.

సాయంత్రానికి చంద్రు మొహం వేలాడేసుకుని వచ్చాడు. "సార్, బోరు గాలి కక్కుతాండాది. ట్యాంకర్లో చుక్క లేదు. రేపు నీళ్ళ మాట మర్చిపోండి."

"పోనీలేరా. అది చూడాల్సింది చూసేసింది." పురుషోత్తమ్ చొక్కా మీది గొర్రె వెంట్రుకలు దులుపుకుంటూ మిద్దె మీది ఇనుప కడ్డీకి దండం పెట్టాడు. అటుపైన ఓనరుకు ఫోన్ చేశాడు. "సార్, గండం గడిచింది. ఊరంతా అద్దం మాదిరి ఉండాది. ఆగిన ఆర్డర్లకు రేపు తెల్లారినప్పటి నుంచి క్రషర్ రెండింతలు ఆడిస్తాం!"

ఫోన్ జేబులో పెట్టుకుంటుండగా చౌడమ్మ ఇంటి ముందు జీపు ఆగింది. మెడలో గుర్తింపు కార్డు వేసుకున్న ఒక అమ్మాయి దిగింది.

"నమస్కారమ్మా, నా పేరు చైత్ర. దుమ్ము కొలిచే మిషన్ తెచ్చినాం. రేప్పొద్దున మొదలుపెట్టాల. మీ మిద్దె ఎత్తుగా ఉండాది, పైన పెట్టుకోవచ్చా?"

వెనక ఇద్దరు మనుషులు తళతళలాడే పెట్టె ఒకటి కిందికి దించుతున్నారు.

పురుషోత్తమ్ ఆ పెట్టెను చూశాడు. ఎండిన ట్యాంకర్‌ను చూశాడు. మిద్దె మీదికి వేలు చూపించాడు.

"మరి... అదేందమ్మా?"

చౌడమ్మ నిచ్చెన ఎక్కి టార్పాలిన్ పైకెత్తింది. గంపలో గుడ్ల మీద కూర్చున్న కోడిపెట్ట ఈకలు రిక్కించి పురుషోత్తమ్ వైపు గుర్రుమంది.

"ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా పొదిగే గంపలో ఇనుప మొల పెడతాము కదప్పా, మీ బాంబులకు మొల చాలదని గడ్డపారే పెట్టినాను!"