పెట్టె వెనక కుబుసం

పుస్తకంలో మార్చి అని రాసి ఉందని శకుంతల గత రెండేళ్ళూ మార్చిలోనే తన పెంపుడు బల్లులను జత కలిపింది. రెండుసార్లూ అవి నెత్తురొచ్చేలా కరుచుకున్నాయి. న్యూజిలాండ్‌లో వసంతం సెప్టెంబరులో వస్తుందని ఆమెకు ఆలస్యంగా తట్టింది.

ఈ సెప్టెంబరు రాత్రి, రోటోటూనాలోని తమ ఇంటి గరాజ్‌లో, మూరెడేసి బల్లులు రెండూ అద్దాలపెట్టెలో పెనవేసుకున్నాయి.

"ఏవండీ, కలిశాయి! అవ్వదు అన్నారుగా, వచ్చి చూడండి!"

వంటింట్లోంచి వీరభద్రం చప్పట్లు కొట్టాడు.

గెలిచిన ఊపులో ఆమె దీపం ఆర్పబోతే, పెట్టె వెనక వేళ్ళకు తడిగా ఏదో పొర తగిలింది. బల్లి పొర ముక్కలుగా ఊడుతుంది. ఇది ఒకే గొట్టంలా ఉంది. కాళ్ళ ఆనవాలే లేదు.

"ఏవండీ, ఈ దేశంలో పాముల్లేవు కదూ?"

"ఒక్కటీ లేదు!"

ఆమె నవ్వుతూ లాగింది. బారెడు వచ్చాక, అవతలి కొస బరువెక్కింది.