ముందు పళ్ళెం, తర్వాత పేరు

"నిజం చెప్పవే నోనీ. ఎవరెవరు ఏ వేషంలో వస్తున్నారో నీకు ముందే ఎవరో చేరవేస్తున్నారు కదూ?"

డీలియా బల్ల మీద మోచేతులు ఆన్చి అడిగింది. నోనీ ఉడికిన బంగాళాదుంపలు చిదుముతూ నవ్వింది.

"చేరవెయ్యడానికి ఈ ఇంట్లో ఎవరున్నారే? పిల్లికి మాటలు రావాయె."

హాలోవీన్ సాయంత్రం. మేయో కొండల కింద మా పల్లెలో ఆ పూట పిల్లలే కాదు, నడుం వంగిన వాళ్ళు కూడా వేషం కట్టి ఇంటింటికీ తిరుగుతారు. మొహం కనపడకూడదు, నోరు విప్పకూడదు. వచ్చిందెవరో ఇంటివాళ్ళే కనిపెట్టాలి. కనిపెట్టలేకపోయారా, మళ్ళీ హాలోవీన్ దాకా వెక్కిరింతలే.

నోనీ ఇంతవరకూ ఒక్కసారి తప్పింది లేదు. పైగా ఈ మధ్య కొత్తగా ఓ షరతు కూడా పెట్టింది. ముందు పళ్ళెం, తర్వాత పేరు. ముసుగు కిందనుంచి ఎన్ని తిప్పలైనా పడి తినాల్సిందే.

డీలియాకి అనుమానం అదొక్కటే అయితే బాగుండు. మొన్న సంత దారిలో నోనీ ఎదురుపడి కూడా పలకరించకుండా వెళ్ళిపోయింది. చిన్నప్పుడు బళ్ళో ఒకే బల్ల మీద కూచున్న మనిషి! "ఏమే, కొమ్ములొచ్చాయా?" అని డీలియా కేకేస్తే అప్పుడు ఆగి, "నువ్వా! ఏదో ఆలోచనలో పడ్డానే" అంది. పోయిన ఆదివారం చర్చికి స్వెట్టరు తిరగేసి వేసుకొచ్చింది.

మతి గానీ జారుతోందా?

గాల్వేలో ఉండే నోనీ మేనల్లుడు ఫెర్గస్‌కీ అదే బెంగ. పొద్దున ఫోన్ చేశాడు. "డీలియా అత్తా, మా అత్తలో ఏ మాత్రం తేడా కనిపించినా నాకు చెప్పు. ఇంటికి తాళం పెట్టి పట్నంలో వృద్ధాశ్రమంలో చేర్చేస్తాను. ఇవాళే ఏదో ఒకటి తేల్చు."

ఆ పొయ్యి వదిలి నోనీ బతకదని డీలియాకి తెలుసు. అలాగని ఒంటరిగా ఆ పొయ్యిలోనే పడితే?

"ఒంట్లో బాగోనప్పుడు నీకేం తినాలనిపిస్తుందే?" మెల్లగా కూపీ లాగింది డీలియా.

"ఇదే, ఈ బంగాళాదుంపల కోల్కాననే. మా అమ్మ చేసినట్టు క్యాబేజీ సన్నగా తరిగి కలపాలి. మధ్యలో గుంట చెయ్యాలి, గుంట నిండా వెన్న. నీకయితే వేడిపాలలో నానేసిన రొట్టె, పైన పంచదార. నీకు తట్టు పోసినప్పుడు మీ అమ్మ చేసిపెడితే, నేనెక్కడ అడుగుతానో అని గిన్నెతో సహా మంచం కింద దూరావు."

"అదింకా గుర్తుందా తల్లీ!"

"ఆ గిన్నె అంచు పెచ్చూడి ఉండేది. అదీ గుర్తే."

మతి ఇంత పదునుగా ఉంటే మరి ఆ స్వెట్టరేమిటి? డీలియాకి అనుమానం తగ్గకపోగా ముదిరింది.

తలుపు మీద కర్రతో దబదబా కొట్టారెవరో. గోనెసంచి చుట్టుకుని, మొహానికి గడ్డి ముసుగు తగిలించుకుని ఓ పొడుగాటి శాల్తీ లోపలికొచ్చింది. డీలియాకే పోల్చుకోవడం కుదరలేదు. నోనీ పళ్ళెం పెట్టి, గరిటె పట్టుకుని పక్కనే తలొంచుకు నిలబడింది.

శాల్తీ రెండు ముద్దలు తిన్నాడో లేదో, "ఒరే మార్టీన్," అంది నోనీ, "అంత ఊదుకుంటావేంరా? నువ్వు పెళ్ళిచూపులకెళ్ళినా ముందు టీ చల్లారిందా లేదా అనే చూస్తావు. అందుకే ఇంకా బ్రహ్మచారివి."

మార్టీన్ ముసుగు పీకి బల్ల మీద కొట్టాడు. "అవి కళ్ళు కావు పెద్దమ్మా, సూదులు! గడ్డిలోంచి కూడా దిగిపోతాయి."

"ఈ పండగ బ్రాక్ రొట్టె తిను. అందులో దాచిన ఉంగరం నీకొస్తే ఏడాదిలో పెళ్ళి."

"ఉంగరం డీలియా పెద్దమ్మకొస్తే?"

"పాపం, ఆ పెళ్ళికొడుకు ఏ పాపం చేశాడో!"

ముగ్గురూ నవ్వుకున్నారు. మార్టీన్ రొట్టె ముక్క చేతపట్టుకుని పక్కింటికి పోయాడు. కాసేపటికి డీలియా లేచింది. "కోళ్ళు మూసి వస్తానే" అని పెరటి తలుపులోంచి బయటపడింది.

ఇంకాసేపటికి వీధి తలుపు మీద మళ్ళీ కర్ర చప్పుడు.

వచ్చిన మనిషి నేరుగా దీపం కిందికొచ్చి, నోనీకి ఎదురుగా నిలబడింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. నోనీ కూడా అటే మొహం పెట్టి నిలబడింది.

"నిలబడతావేం? కూచో. ముందు పళ్ళెం."

ఆ మనిషి నెమ్మదిగా తింది. నోనీ కప్పు అంచు లోపలికి వేలు పెట్టి, వేలికి తగిలేదాకా టీ పోసి ఇచ్చింది. ఆ మనిషి తాగి, అడుగున మిగిలిన పంచదార చెంచాతో గీకింది.

నోనీ మొహం విచ్చుకుంది.

"కోళ్ళట కోళ్ళు! అడుగున పంచదార రేణువైనా వదలని దానివి నువ్వు కాక ఇంకెవరే డీలియా! కానీ ఒప్పుకుంటున్నా, ముసుగు మాత్రం భలే కుదిరిందే. ఇంకాస్తయితే మోసపోయేదాన్ని."

డీలియా చెంచా కింద పెట్టింది.

"మరి? కుట్టలేక చచ్చాననుకో."

లేచి, గోడకున్న ఫోన్ తీసి ఫెర్గస్‌కి కలిపింది. "మీ అత్త గుండ్రాయిలా ఉందిరా. బుర్ర నీకన్నా నాకన్నా పాదరసం. ఇదుగో, మా ఇంట్లో చలి, ఇవాళ్టి నుంచి నేనూ ఇక్కడే పడుకుంటాను."

"మీ ఇంటికేమొచ్చిందే?" నోనీ గొంతులో అనుమానం. "ఏదో దాస్తున్నావు నువ్వు!"

"నీ దగ్గర దాగేదేముందే," అని డీలియా ఆమె పక్కకి కుర్చీ జరుపుకుంది.

ఆ సాయంత్రం డీలియా మొహం మీద ముసుగన్నదే లేదు.