వెనక నిలబడే మనిషి

“బస్సు తోలడానికి నేనేమైనా స్కూలు డ్రైవర్నా?” అంది లోరెట్టా. “నాకు ట్రైలరే కావాలి.”

తుల్సా ఊరి చివర క్యాంపింగ్ బళ్లు అమ్మే స్థలంలో ఆ గొంతు నాలుగు వరుసల అవతలికి వినబడింది. శనివారం కావడంతో వచ్చినవాళ్లందరికీ హాట్‌డాగులు ఉచితం. తింటున్నవాళ్లు తినడం ఆపి ఇటు తిరిగారు.

రస్టీ ఇరవై ఏళ్లుగా ఈ బళ్లే అమ్ముతున్నాడు. బస్సులాంటి మోటార్‌హోమా, బండి వెనక తగిలించుకునే ట్రైలరా అని భార్యాభర్తలు కీచులాడుకోవడం అతనికి కొత్త కాదు. ఇక్కడ మాత్రం గొడవ తల్లీకూతుళ్ల మధ్య. లోరెట్టా భర్త వెండెల్ మే నెల ఎండకి అందరిలాగే టోపీ, నల్లకళ్లద్దాలు పెట్టుకుని, భార్య మోచెయ్యి పట్టుకుని నవ్వుతూ నిలబడ్డాడు. డెబ్బై నాలుగేళ్ల మనిషి, వచ్చినప్పటినుంచీ ఆ చెయ్యి వదల్లేదు. కొత్త పెళ్లికొడుకు కూడా ఇంత అంటిపెట్టుకుని తిరగడనుకున్నాడు రస్టీ.

“అమ్మా, మోటార్‌హోమ్ అయితే ఇల్లూ బండీ ఒకటే,” అంది కూతురు డీనా. “పిల్లలకి దారిలో బాత్రూం వచ్చినా ఆపక్కర్లేదు. వెనక్కి తియ్యడానికి కెమెరా ఉంటుంది. వెనక ఎవరూ నిలబడక్కర్లేదు.”

“కెమెరా ఎందుకే? మీ నాన్న ఉన్నాడుగా!”

“అదే నా భయం.”

“నీ భయం నీ దగ్గరే పెట్టుకో. మోటార్‌హోమ్‌లో మీ నాన్నకి పనేముంటుంది? సోఫాలో సామానులా కూర్చోవడమేగా! అలా కూర్చోబెట్టి ఊరేగించడం నా వల్ల కాదు. ట్రైలరైతే తగిలించాలి, గొలుసులెయ్యాలి, వెనక నిలబడి సైగలు చెయ్యాలి. అవన్నీ ఆయనే చేస్తాడు.”

“చూశావా రస్టీ?” అన్నాడు వెండెల్. “ఈ ఇంట్లో నాకు రిటైర్మెంటు లేదు.”

రస్టీ నవ్వాడు గానీ, అతని మనసు ఎక్కువ డబ్బొచ్చే మోటార్‌హోమ్ మీదే ఉంది. “మేడమ్, మీ అమ్మాయి చెప్పేదీ ఆలోచించండి. ఇరవై ఆరడుగుల ట్రైలర్ని వెనక్కి తియ్యడమంటే మాటలు కాదు.”

“అలా చెప్పండి! ఇన్నేళ్లూ నాన్నే కదా తీసేవాడు?” అంది డీనా. “అమ్మా, ట్రైలర్ తగిలించాక నువ్వెప్పుడైనా స్టీరింగు ముట్టుకున్నావా?”

“ముప్పై ఏళ్లు నేను వెనక నిలబడి తిట్లు తిన్నాను. ఇప్పుడు ఆయన వంతు.”

డీనా మొహం ఎర్రబడింది. “అయితే ఒకటే మాట. ట్రైలర్ కొంటే జూన్‌లో పిల్లల్ని మీతో ఎల్లోస్టోన్ పార్కుకి పంపను.”

మనవలు లేని వేసవి లోరెట్టాకి వేసవే కాదు. అయినా గడ్డం పైకెత్తింది.

“అక్కడ రోడ్ల మీద పెట్టే ప్లాస్టిక్ కోన్లు పెట్టించండి, వాటి మధ్యకి వెనక్కి తీస్తాను,” అంది రస్టీతో. “ఒక్కదానికి తగిలినా నోరు మూసుకుని మోటార్‌హోమే కొంటాను. తగలకపోతే పిల్లలు నాతో వస్తారు. సరేనా డీనా?”

“సరే,” అంది డీనా. అమ్మ మొండితనం ఇవాళ్టితో వదులుతుందని ఆమె ధైర్యం.

వెండెల్ మోకాళ్ల మీద కూర్చుని ట్రైలర్ని తమ ట్రక్కుకి బిగించాడు. గొలుసులు తగిలించి, లైట్ల తీగ కలిపి, ఒకసారి గట్టిగా లాగి చూశాడు. చెయ్యి తిరిగిన మనిషేనని రస్టీ మెచ్చుకున్నాడు. లోరెట్టా భర్తని వెనక గడ్డి అంచుకి తీసుకెళ్లి, భుజాలు పట్టుకుని తిప్పి నిలబెట్టి, కాలరు సరిచేసింది.

“ఇక్కణ్ణించి కదలకు.”

“కదిలితే?”

“విడాకులే.”

డీనా వెళ్లి పక్కన నిలబడబోయింది. “నా పని నన్ను చెయ్యనీ తల్లీ,” అన్నాడు వెండెల్. ఆమె రెండడుగులు వెనక్కి వేసి ఆగింది.

జనం మడత కుర్చీలు తెచ్చుకుని వరసగా కూర్చున్నారు. మొగుడూ పెళ్లాం ట్రైలర్ని వెనక్కి తీస్తుంటే చూడ్డం కంటే మంచి వినోదం క్యాంపుల్లో తిరిగేవాళ్లకి ఇంకోటి లేదు.

లోరెట్టా స్టీరింగు ముందు కూర్చుంది. ట్రక్కు కదిలింది. వెండెల్ ఎడమకి చెయ్యి ఊపాడు. ట్రైలర్ కుడికి తిరిగింది. కుడికి ఊపాడు. అది ఎడమకి తిరిగింది.

“అది కాపురమంటే!” అన్నాడొకాయన నోట్లో హాట్‌డాగు పెట్టుకుని. అందరూ గొల్లుమన్నారు.

“రా, రా, ఇంకొంచెం రా!” అని వెండెల్ గొంతు చించుకుంటున్నాడు.

“వస్తున్నా, అరవకు!” అంది లోరెట్టా కిటికీలోంచి తల బయటపెట్టి. ఆమె నుదుటి నిండా చెమట. ట్రైలర్ చివరి కోనుకి జానెడు దూరంలోకి వచ్చింది. డీనా ఊపిరి బిగపట్టింది. బండి ఆగింది. ఆగాక వెండెల్ రెండు చేతులూ పైకెత్తి, “ఆపు!” అని కేకేశాడు.

ఒక్క కోనూ కదల్లేదు. కుర్చీల్లోవాళ్లు లేచి చప్పట్లు కొట్టారు. లోరెట్టా దిగి సరాసరి భర్త దగ్గరికి వెళ్లింది. గెలిచిన గర్వం ఆమె మొహంలో దాగడం లేదు.

“నువ్వు లేకపోతే గుద్దేసేదాన్ని,” అంది.

“మరి చెప్పిందెవరనుకున్నావ్!” అన్నాడు వెండెల్ ఛాతీ విరిచి.

“ట్రైలరే రాయండి,” అంది డీనా రస్టీతో. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. పందెం ఓడినందుకనుకున్నాడు రస్టీ.

“మీ అమ్మగారు గట్టి మనిషేనండీ,” అన్నాడు నవ్వుతూ. “కానీ ఆయన చూపించినవైపు ఒక్కసారైనా తిప్పలేదు. ఆయన చేతులకీ బండికీ పొంతనే లేదు. మీ నాన్నగారికి కోపం రాదా?”

డీనా తండ్రివైపు చూసి, నెమ్మదిగా తల అడ్డంగా ఊపింది.

“ఆయనకి చూపు పోయి రెండేళ్లయింది.”