మొదటి పేజీ

చెరిపేస్తే ఏమీ చూడనట్టే కదా అనుకునేది ఆమె ఇన్నాళ్ళూ. చూడటం, చెరపడం. నెల రోజులుగా అదే. కానీ ఇవాళ కంప్యూటరు హిస్టరీలో 'డిలీట్' అన్న మాట బూడిదరంగులో పడి ఉంది. ఎంత నొక్కినా ఉలకదు. పైన ఓ చిన్న వాక్యం: ఈ సెట్టింగు మీ సంస్థ నిర్ణయించినది.

మళ్ళీ నొక్కింది. మళ్ళీ. రిసెప్షన్ గోడ మీద గడియారం పన్నెండు ముప్ఫై ఐదు. ఒంటిగంటకి, అదే ఆఫీసులో పనిచేసే భర్త మూడో అంతస్తు నుంచి దిగివస్తాడు. భోజనం డబ్బా బల్ల మీద పెట్టి, ఆమెను లేవమని, ఆమె కుర్చీలో కూర్చుని, పొద్దుటినుంచీ ఆమె ఏమేం తెరిచిందో చూస్తాడు. ఆ తర్వాతే చేతులు కడుక్కుంటాడు. ఒకసారి అద్దె గదుల పేజీ చెరపడం మరిచిపోయింది. ఎడమ మణికట్టు ఇప్పటికీ పూర్తిగా తిరగదు.

ఫోన్ ఎత్తి మూడంకెలు నొక్కింది. ఆఫీసు లోపలి నెంబర్లన్నీ మూడంకెలే.

"చెప్పమ్మాయ్," అన్నాడు వైర్ల బాబాయ్. భుజాన వైరు చుట్ట లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు లేరు. ఆఫీసులోని నాలుగు వందల పన్నెండు కంప్యూటర్లకీ ఆయనే దిక్కు.

"బాబాయ్, హిస్టరీ డిలీట్ అవట్లేదు."

"అవదు. కొత్త బ్రౌజరు. పొద్దున అందరికీ ఒకేసారి ఎక్కించేశా. ఎవరూ ఏదీ చెరపకూడదని పైవాళ్ళ హుకుం. నీకు తెరవగానే మొదటి పేజీ తెల్లగా వస్తోందా?"

"ఆ."

"అక్కడ లోగో ఎడమన పెట్టాలా కుడిన పెట్టాలా అని పెద్దాళ్ళింకా జుట్లు పట్టుకుంటున్నారు. అది తేలాక మళ్ళీ నేనే నాలుగొందల మిషన్లకీ ఎక్కించాలి. ఏం చేస్తాం, నా బతుకు!"

"నా ఒక్కదాని మిషన్‌లో చెరపలేవా బాబాయ్?"

"మేనేజరు సంతకం కావాలి, కారణం రాయాలి. అయినా ఏం చూశావేంటి అంత కొంపలు మునిగేది? సినిమావాళ్ళ పెళ్ళిళ్ళా?"

ఆమె నవ్వబోయింది. గొంతులోంచి నవ్వు కానిదేదో వచ్చింది.

బాబాయ్ ఎగతాళి ఆపేశాడు. "ఉండు, ఇక్కణ్ణించే నీ మిషన్ చూస్తా." కీబోర్డు చప్పుడు. తర్వాత అదీ ఆగిపోయింది.

చదువుతున్నాడు. ఆమెకి తెలుస్తోంది. 'ఇంట్లో దెబ్బలు తింటున్న ఆడవాళ్ళకి ఆశ్రయం.' పక్కన పదకొండు పది. తొమ్మిదింటికి కూడా తెరిచింది గానీ, ఒకే పేజీ ఎన్నిసార్లు తెరిచినా హిస్టరీలో చివరిసారి సమయమే మిగులుతుంది.

"అమ్మాయ్, అల్లుడుగారు మూడో అంతస్తే కదూ?"

"ఊ."

"భోజనానికి కిందికి వస్తారా?"

"ఒంటిగంటకి."

"సరే," అని ఫోన్ పెట్టేశాడు.

బాబాయ్, ఆమె భర్త రోజూ కలిసి టీ తాగుతారు. మగవాళ్ళు మగవాళ్ళకి చెప్పేస్తారు, అదీ కాపురం నిలబెడుతున్నామనుకుంటూ చెబుతారు. నీళ్ళ సీసా మూత తీసి కంప్యూటరు వైపు వంచబోయి ఆగింది. పోస్తే, ఎందుకు పోశావంటాడు. నెల రోజుల్లో ఆమె ఒక్కసారీ ఆ ఆశ్రయం నెంబరుకి ఫోన్ చెయ్యలేదు. రోజూ ఆ పేజీ తెరిస్తే చాలు, ఏదో చేస్తున్నట్టే ఉండేది. ఇప్పుడు చెయ్యని పనికి దొరికిపోబోతోంది.

పన్నెండు యాభై ఆరుకి బ్రౌజరు దానంతట అదే మూసుకుని తెరుచుకుంది. ఇందాక తెల్లగా ఉన్న చోట అదే పేజీ. ఆశ్రయం పేరు. వేలెడంతేసి పదంకెల ఫోన్ నెంబరు.

మూసేసింది. తెరిచింది. మళ్ళీ అదే. బాబాయ్ నిలువునా ముంచేశాడు! మెట్ల మీద బూట్లు. ఆ నడక ఆమె నిద్రలో కూడా గుర్తుపడుతుంది.

"లే," అన్నాడు భర్త. డబ్బా బల్ల మీద పెట్టి తెర వైపు వంగాడు. అలాగే ఆగిపోయాడు.

ఆమె కళ్ళు మూసుకుంది.

"నీకూ వచ్చిందా ఈ దరిద్రం?"

కళ్ళు తెరిచింది.

"మూడో అంతస్తంతా ఇదే. డైరెక్టరుగారి మిషన్‌లో కూడా ఇదేనట. లోగో పెట్టవయ్యా మగడా అంటే, ఎక్కడి పేజీనో తెచ్చి ఆఫీసంతా అంటించాడు ఆ వైర్లాయన. మతి ఉండే చేశాడా? సాయంత్రానికి ఆయన ఉద్యోగం ఉంటే ఒట్టు!"

అయినా కూర్చుని హిస్టరీ తెరిచాడు. చూపుడు వేలు ఆ వరస మీదికి వచ్చి ఆగింది. పన్నెండు యాభై ఆరు. పదకొండు పది ఎక్కడా లేదు.

"నా దాంట్లోనూ పన్నెండు యాభై ఆరే," అని గొణుక్కుంటూ లేచాడు. "ఆయనకి ఫోన్ కొట్టు. కడిగిపారేస్తా. నేను చేతులు కడుక్కొచ్చేలోపు లైన్లో ఉండాలి, తెలిసిందా?"

"తెలిసింది."

గోడ అవతల కుళాయి తిప్పిన చప్పుడైంది. ఆమె రిసీవరు ఎత్తి తెర వైపు చూసింది. ఆ నెంబరు ఇవాళ చెరపక్కర్లేదు.

మూడంకెలు నొక్కాక ఆమె వేలు ఆగలేదు. పదీ నొక్కింది.