చప్పుడు లేని డబ్బా

"ఇంకొక్కసారి వాపసొచ్చిందంటే ఇగ నేను చెప్ప" అన్నది రుక్కి. "నాలుగు దినాల సంది గదే సగం కథ. నా నోరేమన్న పిండి గిర్నీయా?"

కొడుకు యుగేందర్ పాత కంప్యూటర్ తీగలు ఊడదీస్తున్నాడు. గూడూరులో అతనిది పెళ్లి వీడియోల పని. తల్లి చెప్పే కథలు రికార్డు చేసి పట్నంలోని ఒక కథల కంపెనీకి పంపుతున్నాడు. వాళ్లు మూడుసార్లు తిప్పి పంపారు. గొంతు బాగుందట. వెనకాల ఏదో మోత ఉందట. ఈ సాయంత్రంతో గడువు ఆఖరు.

"కంప్యూటర్ ఫ్యానే" అన్నాడు మాజిద్, అట్టపెట్టె కోస్తూ. మహబూబాబాద్‌లో కంప్యూటర్ల దుకాణం అతనిది. చప్పుడు రాని కొత్త క్యాబినెట్ డబ్బాను బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. "మోత ఒక్కతీరుగ వస్తదా, ఆగుకుంట వస్తదా?"

"ఆగుకుంట. అమ్మ ఒక మాట అన్నంక గూఁ అంటది. మల్ల ఆగుతది. చెవికి అందది గని మైకుకు అందుతది."

"గదే. పని పడంగనే ఫ్యాన్ జోరు జేస్తది, అయినంక తగ్గుతది. సామానంత ఈ డబ్బాల పెడదాం. మోత పోతే ఉంచుకో, పోకుంటే నేనే మోసుకపోత."

రుక్కి లేచి వచ్చింది. పాత డబ్బాను వేలి కణుపుతో కొట్టింది. టంగుమంది. కొత్తదాన్ని కొట్టింది. దబ్బుమని ఊరుకుంది.

"పాతది ఉత్త బిందె. గిది వడ్లు పోసిన గుమ్మి" అన్నది. "లోపటేమున్నది?"

మాజిద్ పక్క రేకు ఊడదీసి చూపించాడు. లోపలి వైపంతా నల్లటి మెత్తటి అట్ట అతికించి ఉంది. రుక్కి నొక్కింది. వేలు దిగి, మళ్లీ లేచింది.

"గొంగడి కప్పిండ్రు దీనికి. ఎండకాలం ఉడుకదా?"

మాజిద్ చేతిలో పని ఆపాడు. "దుకాణంల ఒక్కడు అడగలే పెద్దమ్మా గీ మాట. చప్పుడు ఆపితే గాలి ఆగుతది, గదే పరేషాన్. అందుకే ముందట తలుపు పెట్టి, పక్కలకు సందులిడిసిండ్రు. ఫ్యాన్లు పెద్దయి. మెల్లగ తిరుగుతయి."

"గాలి ఆడుతున్నదో లేదో ఎట్ల తెలుస్తది?"

"మీరే చూడుండ్రి."

సామాను మార్చేసరికి మధ్యాహ్నం దాటింది. స్విచ్ వేశాడు. రుక్కి దేవుని గూట్లోంచి వత్తుల పత్తి తెచ్చి, సన్నటి పోగు తీసి, వెనక సందు దగ్గర పట్టింది. పోగు బయటికి ఊగింది. ముందు సందు దగ్గర పట్టింది. పోగు లోపలికి గుంజుకుంది. తర్వాత డబ్బాకు చెవి ఆనించి చాలాసేపు కూర్చుంది.

"సప్పుడు లేదు గని పాణమున్నది" అన్నది.

యుగేందర్ ఒక పెళ్లి వీడియో పెట్టి అరగంట పని చేయించాడు. వెనక చెయ్యి పెట్టి చూశాడు. పాత డబ్బా కంటే వేడి కొంచెం ఎక్కువే. మోత మాత్రం లేదు. మాజిద్ మీసం దువ్వుకున్నాడు.

మైకును ఎప్పటిలాగే వెనక గదిలో, నడిమి గోడ పక్కన పెట్టారు. ముందు గదిలో అయితే బజారు గోల. ఈ గోడ అవతల రుక్కి తోటికోడలు అండాలు ఇల్లు. ఆ ఒంటి ఇటుక గోడ లేచి ఆరేళ్లు. ఆనాటి నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అటువైపు నుంచి దగ్గు కూడా వినబడదు. ఇంట్లో అంత నిమ్మళమైన చోటు ఇంకోటి లేదు.

"మాజిద్ భాయ్, కథ నడిచేటప్పుడు ఊఁ కొట్టకు" అన్నాడు యుగేందర్.

"ఊఁ కొట్టనోళ్లకు చెప్పుడంటే గోడకు చెప్పినట్టే" అని గొణిగి, రుక్కి మొదలుపెట్టింది.

"ఒక అవ్వకు ఒక బర్రె. పొద్దుగాల అడివికి పోతది. మాపటికి వస్తది. వచ్చేవరకు పొదుగుల పాలుండయి. ఎవలో పిండుకుంటున్నరు. ఒకనాడు అవ్వ బర్రె ఎనక పడ్డది. వాగు దాటింది. గుట్టెక్కింది. గుట్ట మీద ఒక పెద్ద బండ. బర్రె పోయి గా బండ ముందట నిలవడ్డది. బండ ఎనకనుంచి ఒక చెయ్యి బయటికొచ్చింది…"

యుగేందర్ చెయ్యెత్తి ఆపాడు. రోజూ అక్కడే ఆపుతాడు. ముందు ఇంతవరకు విని చూద్దాం అంటాడు.

విన్నారు. రుక్కి గొంతు తేటగా ఉంది. ప్రతి మాట చివర, సన్నగా, గూఁ.

మాజిద్ మొహం వాడిపోయింది. డబ్బా తలుపు తీశాడు, వేశాడు. చివరికి ప్లగ్గే పీకేశాడు. మైకు ఉన్న చోట తన ఫోన్ పెట్టాడు.

"ఇంకొక్కసారి పెద్దమ్మా. గిప్పుడు మిషినే లేదు."

రుక్కి మళ్లీ చెప్పింది. అవ్వ, బర్రె, వాగు, గుట్ట, బండ, చెయ్యి. ఫోన్‌లో విన్నారు.

గూఁ.

"డబ్బా తప్పు గాదు" అన్నాడు మాజిద్ మెల్లగా.

"మరి దేనిది?"

ముగ్గురూ పైన రేకుల వైపు చూశారు. కిటికీ వైపు చూశారు. ఆగి ఉన్న ఫ్యాన్ వైపు చూశారు.

రుక్కి లేచి కొంగు దులిపింది. "ఇగ నాతోని గాదు. కథ లేదు, గిథ లేదు. గా కంపెనోళ్లకు చెప్పు. గీ బర్రె ముచ్చట నాతోనే పోతది."

యుగేందర్ తల వంచుకున్నాడు. మాజిద్ స్క్రూలు ఏరుకుంటున్నాడు.

గోడ అవతలి నుంచి వినబడింది.

"గట్లంటే ఎట్లనే అక్కా. పాలు పిండింది ఎవలో చెప్పి పో."