పఫిన్లను చూడని ప్రయాణికుడు

ఆఖరి రబ్బరు పడవ కూడా నిండింది. పాస్కో ఒక్కడే రాలేదు.

ఓస్లా విసుక్కుంటూ మళ్ళీ ఒడ్డెక్కింది. స్కాట్లండ్ ఉత్తర దీవుల చుట్టూ తిరిగే చిన్న ఓడలో ఆమె గైడు. దింపిన వాళ్ళందరినీ తిరిగి ఓడెక్కించేదాకా ఆమెకు మనసు కుదుటపడదు.

స్టోర్నొవే రేవు వెనక సందులో, ఒక రొట్టెల దుకాణం ముందు కనిపించాడాయన. బల్ల మీద కూర్చుని అద్దంలోంచి లోపలికి చూస్తున్నాడు. లోపల ఒక లావుపాటి ఆవిడ ఎవరినో ఆటపట్టిస్తూ పగలబడి నవ్వుతోంది.

"మీకోసం ఊరంతా గాలించాను, పాస్కో గారూ. కోట చూశారా?"

"లేదమ్మా."

"మ్యూజియం?"

"రేపు చూద్దాంలే."

"రేపు మనం ఇక్కడుండం."

"అవును కదూ," అంటూ లేచాడు. డెబ్బై దాటిన మనిషి. భుజాలు మాత్రం ఇంకా వెడల్పుగానే ఉన్నాయి.

పడవ నడిపే యూవెన్ ఆమె చెవిలో గొణిగాడు. "ముసలాయన కన్ను రొట్టెలావిడ మీద పడ్డట్టుంది."

మర్నాడు పఫిన్లుండే కొండ కిందికి తీసుకెళ్ళారు. రంగురంగుల ముక్కులేసుకుని వేల పక్షులు. పడవలో అందరూ కెమెరాలకు అతుక్కుపోయారు.

పాస్కో మాత్రం అటు వీపు పెట్టి కూర్చుని, "స్ట్రామ్‌నెస్‌లో ఎంతసేపు ఆగుతాం బాబూ?" అని యూవెన్‌ని అడిగాడు.

స్ట్రామ్‌నెస్ రాతి సందుల్లో ఓస్లా పాత తిమింగలాల వేటగాళ్ళ కథ చెబుతుండగానే ఆయన మెల్లగా జారుకున్నాడు.

ఈసారి ఆమె ఊరుకోలేదు. గుంపుని టీ కొట్లో కూర్చోబెట్టి వెంట వెళ్ళింది.

ఒక పెరట్లో బోర్లించిన పడవకి ఒకాయన రంగు వేస్తున్నాడు. ఇద్దరు ఆడపిల్లలు సాయం చేస్తున్నామనుకుంటూ ఒళ్ళంతా పూసుకున్నారు. గోడకి ఆనుకుని పాస్కో చూస్తున్నాడు.

"ఎవరు కావాలండీ?" అన్నాడు రంగు వేసే మనిషి.

"ఎవరూ వద్దు. పడవ బాగుంది."

"పడవదేముంది, ఈ మనవరాళ్ళని తోమేసరికి మా ఆవిడ ప్రాణం పోతుంది."

పాస్కో నవ్వాడు. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు.

తిరిగొస్తుంటే ఓస్లా అడిగేసింది. "ఆయన మీకు తెలుసా?"

"ఒకసారి కలిశాం. ఆయనకి గుర్తుండదు."

"పలకరించొచ్చుగా?"

"దేనికమ్మా? హాయిగా పని చేసుకుంటున్నాడు."

సంగతి విని యూవెన్ తేల్చేశాడు. "బీమా కంపెనీ మనిషి. నడుం విరిగిందని డబ్బు తీసుకుని పడవలకి రంగులేసే వాళ్ళని పట్టుకుంటారు చూడు, ఆ బాపతు."

ఓస్లాకి నవ్వు రాలేదు. నిజమైతే?

రాత్రి భోజనంలో ఆయన ఎదురుగా కూర్చుంది. చేపల సూపు వచ్చింది.

"లెర్విక్ మీ ఊరేనట కదమ్మా. నాన్నగారు మాగ్నీ హాల్‌క్రో కదూ? బాగున్నారా? నడుస్తున్నారా?"

ఓస్లా చెంచా కింద పెట్టింది. "మా నాన్న పేరు మీకెవరు చెప్పారు?"

ఆయన తడబడ్డాడు. "ఎక్కడో విన్నాను."

"చూడండి. మా దీవుల్లో తలుపులకి తాళాలు వెయ్యం. అలాగని ఎవరి వాకిట్లోనో నిలబడి చూస్తామంటే ఒప్పుకోం. రేపు లెర్విక్‌లో గుంపు దాటి అడుగు వెయ్యకండి."

"సరేనమ్మా. నువ్వన్నది న్యాయమే."

సూపు చల్లారిపోయింది.

లెర్విక్‌లో వాన. పాస్కో అసలు ఊళ్ళోకే రానన్నాడు. ఓడలోనే కూర్చుని కిటికీలోంచి రేవుని చూస్తుండిపోయాడు.

ఓస్లా పని ఇక్కడితో సరి. ఓడ ఫారో దీవులకి వెళ్ళిపోతుంది, అక్కడినుంచి వేరే గైడు. ఆమె పెట్టె మొయ్యడానికి తండ్రి మాగ్నీ స్వయంగా రేవుకి వచ్చాడు.

"ఏమ్మా, ఈసారి ఎంతమందిని సముద్రంలో తోశావు?" అంటూ నిచ్చెన దగ్గరికి రాబోయాడు. తడిరాయి మీద కాలు జారింది. ముందుకు తూలాడు. ముందున్నవి నీళ్ళే.

అప్పుడే ఓడ దిగి నిచ్చెన మొదట్లో గాలికి నిలబడ్డ పాస్కో ఒక్క అంగలో వచ్చి చంకల కింద చేతులేసి పట్టేశాడు.

"కంగారేం లేదు. నిన్ను పట్టుకున్నాను. వదలను."

మాగ్నీ నిలదొక్కుకున్నాడు. పాస్కో ఆయన్ని తల నుంచి పాదాల దాకా ఒక్కసారి చూసి, కోటు సర్ది, ఓడెక్కేశాడు. నిచ్చెన లాగేశారు. తాళ్ళు విప్పేశారు.

మాగ్నీ ఓడకేసే చూస్తూ నిలబడిపోయాడు.

"ఏంటి నాన్నా, దెబ్బ తగిలిందా?"

"ఎవరతను?"

"ఎవరో పాస్కో అట. మహా వింత మనిషి. ఊరూరా ఎవరో ఒకర్ని దూరం నుంచి చూసి వచ్చేస్తాడు. నిన్ను కూడా అడిగాడు, నడుస్తున్నావా అని. నేనే కసిరాను."

మాగ్నీ టోపీ తీసి, వానలో ఓడకేసి ఊపాడు. ఓడ అప్పటికే మలుపు తిరిగింది.

"మొహం నేనెప్పుడూ చూళ్ళేదమ్మా, హెల్మెట్టూ అద్దాలూ ఉండేవి," అన్నాడు. "నువ్వు పుట్టడానికి ముందు ఏడాది మా పడవ మునిగినప్పుడు, హెలికాప్టర్ నుంచి తాడు మీద అలల్లోకి దిగి, నా చెవిలో ఈ మాటే అన్నాడు."