వచ్చిన టైము

"మూడోసారి!" రాజమోహన్ గోడ గడియారం వైపు వేలు చూపించాడు. తొమ్మిదీ నలభై. "ఈ నెల్లో మూడోసారి లేటు. నేను చెప్పిన మాట గుర్తుండాదా నిరోషా?"

ఆత్మకూరు బస్టాండు నుంచి ఆఫీసుదాకా పరుగెత్తుకొచ్చిన నిరోషకు ఆయాసం ఇంకా తగ్గలేదు. "పాపకు జ్వరం సార్. మా అత్త చేతిలో పెట్టి వచ్చేసరికి ఉదయగిరిలో బస్సు ఎళ్లిపోయింది..."

"ఆ కతలన్నీ నిన్నటితో సరి. ఇవాళ్టి నుంచి హాజరు ఈ కంప్యూటరు మిషన్లోనే. నువ్వు చేసిన పేజీనే గదా? నీ పేరు నొక్కు. తొమ్మిదింపావు దాటినట్టు చూపిస్తే వచ్చిన దోవనే పో."

నిరోష నొక్కింది. 'వచ్చిన టైము: ఉదయం 9:00' అని పడింది.

గుండె తేలికైంది. ఒక్క క్షణమే.

"ఏందిది?" రాజమోహన్ మొహం ఎర్రబడింది. "ఎవురెప్పుడొచ్చినా తొమ్మిదేనా? ఇది కొనేదానికి సంగం రైసుమిల్లు పెంచలనరసయ్య ఇప్పుడే వస్తాండాడు. ఆయన ముందర నా పరువు తీయబాక!"

తప్పు ఎక్కడుందో నిరోషకు తెలుసు. పేజీ కోడులో 'వచ్చిన టైము' అని ప్రకటించే వరసలోనే గడియారాన్ని పిలవబోతే, ఆ కోడు రాసే పీహెచ్‌పీ భాష ఒప్పుకోలేదు. అక్కడ ముందే ఖాయమైన విలువే ఉండాలట. పరీక్షకని నిన్న 9:00 కొట్టి, మార్చడం మరిచిపోయింది.

"పది నిమిషాలు సార్."

ఆ తొమ్మిదిని చెరిపేసింది. గడియారాన్ని పిలిచే మాటను కన్‌స్ట్రక్టర్‌లోకి, అంటే పేరు నొక్కగానే మొట్టమొదట నడిచే చోటికి మార్చింది. సరిగ్గా రాస్తే ఉద్యోగం పోతుంది. తప్పు రాసినా పోతుంది. పాప మందుల చీటీ బ్యాగులోంచి తొంగిచూస్తోంది.

తొమ్మిదీ యాభై. కళ్లు మూసుకుని తన పేరు నొక్కింది. తెర మీద చక్రం తిరుగుతూనే ఉంది.

"ఏమింతసేపు?"

"చవగ్గా వస్తాదని మీరే లండన్ సర్వరు తీసుకున్నారు గదా సార్. అంత దూరం పోయి, అక్కడి గడియారం చూసుకోని రావాల."

ఇంతలో మెట్ల మీద చెప్పుల చప్పుడు. పెంచలనరసయ్య లోపలికొచ్చాడు. రాజమోహన్ గొంతు ఒక్కసారిగా తియ్యనైంది.

"రాండన్నా! మా పేజీలో దొంగాట సాగదు. మిషన్ చూపించిందే ఆఖరు మాట, దాన్ని నేను గూడా మార్చలేను. ఈ అమ్మాయి సంగతే తీసుకోండి. ఇవాళ ఎప్పుడొచ్చిందో మీ కళ్లతో చూడండి. లేటయిందా, ఇప్పుడే ఇంటికి!"

తెరను ఆయన వైపు తిప్పాడు. చక్రం ఆగింది. నిరోష తల దించుకుంది.

పెంచలనరసయ్య కళ్లజోడు పెట్టుకుని వంగి చదివాడు.

"ఓయబ్బ! తెల్లారుజామున నాలుగూ ఇరవైకే వచ్చిందా! మా మిల్లులో పొయ్యి వెలిగించేవాడు గూడా అయిదు దాటందే రాడు. ఈ బిడ్డను మాత్రం వదులుకోబాకయ్యా రాజమోహనూ!"